తీపికి సంజాయిషీ

ఈమధ్య తీపి పదార్థాలకి ఒక కొత్త అలవాటు వచ్చింది. మన ముందుకు రాగానే అవి తమ నిర్దోషిత్వాన్ని ప్రకటించుకుంటున్నాయి. చక్కెర లేదు, మైదా లేదు, నెయ్యి లేదు, అసలు పొయ్యి మీదే పెట్టలేదు అని డబ్బాల మీద రాసి ఉంటుంది. చివర్న 'గిల్ట్ ఫ్రీ' అని మరో మాట. కోర్టులో బోనెక్కిన మనిషి ప్రశ్న అడక్కముందే జవాబులు చెప్పేస్తున్నట్టు ఉంటుంది. ఇంతకీ ఈ తీపి మీద అభియోగం ఏమిటి? మోపింది ఎవరు? పకోడీల పొట్లం మీద ఎక్కడా నేరం లేదని రాసి ఉండదు. బిర్యానీ ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోదు. తీపి ఇచ్చుకుంటోంది. అదీ ఎక్కువగా ఆడవాళ్ళు చేసి, ఆడవాళ్ళకి అమ్మే తీపి.

నేను మాట్లాడుతున్నది పచ్చి జీడిపప్పు, బాదం, ఖర్జూరం, కోకోపొడి కలిపి చేసే మిఠాయిల గురించి. తెలియని వాళ్ళకి రెండు మాటల్లో చెప్తాను. బాదంపప్పులు, గింజ తీసిన ఖర్జూరాలు మిక్సీలో ముద్ద చేసి పళ్ళెంలో అడుగున పరుస్తారు. నాలుగైదు గంటలు నానిన జీడిపప్పుని కొబ్బరినూనె, కోకోపొడి, కాస్త తేనె, చిటికెడు ఉప్పుతో వెన్నలా రుబ్బి పైన పోస్తారు. ఫ్రిజ్‌లో గడ్డకట్టాక ముక్కలు కోస్తారు. అంత ఓపిక లేనివాళ్ళు అన్నీ కలిపి ఉండలు చుట్టేస్తారు. పొయ్యి వెలిగించే పని లేదన్నది నిజమే. కానీ మిక్సీ జారు అడుగున బ్లేడ్ల మధ్య ఇరుక్కున్న ఖర్జూరం ముద్దని వేడినీళ్ళు పోసి, చెంచా కాడతో గీకి, మళ్ళీ నానబెట్టి కడిగే పని ఉంది. ఆ పనిని ఏ వంటల పుస్తకమూ లెక్కలోకి తీసుకోదు. చాలా ఇళ్ళలో అది పనిమనిషి వాటాకి వస్తుంది.

రుచి బాగుంటుంది. ఈ మాట ముందే చెప్పేయడం నాకు ముఖ్యం. నానిన జీడిపప్పుకి పాలమీగడ గుణం వస్తుంది, కోకో చేదు ఖర్జూరపు మితిమీరిన తీపిని అదుపులో పెడుతుంది. నేను ఇష్టంగా తింటాను. కాబట్టి ఈ వ్యాసం తినొద్దని చెప్పడానికి రాస్తున్నది కాదు. తీపి తినడానికి ఒక కారణం ఎందుకు కావలసి వస్తోంది, ఆ కారణాన్ని మనం ఎవరికి చూపిస్తున్నాం, చూపించే హడావిడిలో ఏం కనపడకుండా పోతోంది అన్నవి నా ప్రశ్నలు.

తత్వశాస్త్రం పాఠాలు చెప్పుకు బతికేదాన్ని కనుక నాకు ముందు ప్లేటో గుర్తొస్తాడు. దాదాపు 2400 ఏళ్ళ కిందట రాసిన 'గోర్జియాస్' సంభాషణలో సోక్రటీసు చేత ఒక పోలిక చెప్పిస్తాడు. వైద్యం ఒక శాస్త్రమనీ, ఎందుకు మేలు చేస్తుందో కారణం చెప్పగలదనీ అంటాడు. వంట మాత్రం ముఖస్తుతి లాంటిదట. శరీరానికి ఏది మేలో తనకు తెలిసినట్టు నటిస్తూ వైద్యం ముసుగు వేసుకుని తిరుగుతుందట. పిల్లల ముందు పంచాయితీ పెడితే మిఠాయిలు చేసేవాడిదే గెలుపు, వైద్యుడు ఆకలితో చావాల్సిందే అని కూడా అంటాడు. ఏటా ఈ భాగం చెప్తున్నప్పుడల్లా క్లాసులో అమ్మాయిలు ఇబ్బందిగా కదులుతారు. వంటకి జ్ఞానం లేదన్న మాట వాళ్ళకి కొత్త కాదు, ఇళ్ళల్లో విన్నదే. పప్పులో ఉప్పు ఎప్పుడు వేస్తే ఉడకదో, ఏ బెల్లం పాకానికి నిలుస్తుందో, బాలింతకి ఏది పడదో తెలియడం జ్ఞానం కిందికి రాదని తీర్మానించిన వాళ్ళు రోజూ ఎవరో వండింది తినే తీర్మానించి ఉంటారు కదా.

అయితే ప్లేటో పోలికలో ఒక మాట మాత్రం ఈనాటి డబ్బాలకి అతికినట్టు సరిపోతుంది. మిఠాయి వైద్యం ముసుగు వేసుకుంటుందన్న మాట. ఐరన్, మెగ్నీషియం, యాంటీ ఆక్సిడెంట్లు అని రాసుకున్న చాకొలెట్ ఉండ అచ్చంగా ఆ పనే చేస్తోంది. ప్లేటో దాన్ని మోసం అన్నాడు. నాకు అందులో మోసం కన్నా భయం ఎక్కువ కనిపిస్తుంది. రుచిగా ఉంది, అందుకని చేశాను అని చెప్పే ధైర్యం చాలక వేసుకున్న ముసుగు అది.

మన దగ్గర ఈ వైద్యానికీ వంటకీ మధ్య గోడ అంత గట్టిగా లేదు. పథ్యం అనే మాటలో రెండూ ఉన్నాయి. అసలు మన విస్తట్లో తీపికి స్థానమే వేరు. పాశ్చాత్యుల భోజనంలో తీపి చివర్న వస్తుంది, కూరలన్నీ బుద్ధిగా తిన్నందుకు దక్కే బహుమానంగా. మన పెళ్ళి విస్తట్లో తీపి ముందే వడ్డిస్తారు. ఏమీ సంపాదించకుండానే దొరుకుతుంది. పచ్చి మిఠాయి కూడా మనకి కొత్త కాదు. కోస్తాలో నాగులచవితికి పుట్ట దగ్గర పెట్టే చలిమిడి, చిమ్మిలి పొయ్యి ఎక్కవు. తడిబియ్యం దంచిన పిండిలో బెల్లం కలిపితే చలిమిడి. నువ్వులూ బెల్లమూ రోట్లో వేసి, నూనె ఊరేదాకా దంచి ఉండ చేస్తే చిమ్మిలి. పడమటి దేశాల్లో 'రా డెజర్ట్' అని పేరు పెట్టి పుస్తకాలు వేసుకునే పనిని మా అమ్మమ్మ రోకలితో చేసింది. ఆవిడ భుజాలు నొప్పి పుట్టేవి, అంతే తేడా.

ఇక్కడ ఆగితే ఇది మన పూర్వీకుల గొప్పదనం మీద వ్యాసం అవుతుంది. అలాంటివి చాలా వస్తున్నాయి. చిమ్మిలి ఎప్పుడెప్పుడు, ఎవరికి పెట్టేవారో చూద్దాం. ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు చాపమీద కూర్చోబెట్టి చిమ్మిలి పెడతారు. నెయ్యి ఓడే సున్నుండలు పెడతారు. 'నడుముకి బలం' అంటారు. గర్భిణికి పుట్టింటివాళ్ళు చలిమిడి పెడతారు. బాలింతకి మళ్ళీ ఇంకో రకం. ఒక ఆడపిల్లకి ఇంట్లో అందరూ పిలిచి పిలిచి తీపి తినిపించే సందర్భాలు వరసగా రాసుకుంటే, అవన్నీ ఆమె గర్భాశయం చుట్టూనే తిరుగుతాయి. పద్నాలుగేళ్ళ పిల్ల నడుము మీద ఆ ఇంటికి ఉన్నట్టుండి అంత శ్రద్ధ ఎందుకు పుట్టింది? ఆ నడుము రేపు మోయవలసిన బరువు కోసం. నువ్వుల్లో ఇనుము, కాల్షియం ఉన్న మాట నిజం. మినుముల్లో మాంసకృత్తులు ఉన్న మాట నిజం. మా అమ్మ కూడా ప్రేమతోనే పెట్టింది. అయినా ఆ పదకొండు రోజులూ నాకు ఎవరూ 'తియ్యగా ఉందా' అని అడగలేదు. 'మొత్తం తిన్నావా' అని అడిగారు.

ఇదీ అందరి కథా కాదు. నాలుగెకరాలూ గేదెలూ ఉన్న ఇల్లు కనుక మాకు సున్నుండల్లోకి నెయ్యి ఉండేది. మా పొలంలో నువ్వులు కోసిన కూలి స్త్రీల ఇళ్ళల్లో పెద్దమనిషైన పిల్లలకి ఏం పెట్టారో నాకు చిన్నప్పుడు తెలియదు, తెలుసుకోవాలన్న ఊహ కూడా ఆ ఇంట్లో ఎవరూ కలగనివ్వలేదు. విమల 'వంటిల్లు' కవిత తెలుగులో ఎంతోమందిని కదిలించింది. దళిత స్త్రీల రచనలు వచ్చాక, ఏ వంటిల్లు, ఎవరి వంటిల్లు, వండడానికి ఏముంది అన్న ప్రశ్నలు ముందుకొచ్చాయి. తీపి గురించి మాట్లాడేటప్పుడు ఆ ప్రశ్నల్ని దాటేసి పోలేం.

ఇప్పుడు మళ్ళీ జీడిపప్పు చాకొలెట్ దగ్గరికి వస్తాను. మా అన్నయ్య కూతురు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఇవే చేసి అమ్ముతోంది. తొమ్మిది ముక్కల పెట్టె. కష్టపడే పిల్ల, లెక్క తెలిసిన పిల్ల. కిందటేడు ఫోన్ చేసి, "అత్తా, పెట్టె మీదకి తెలుగులో నాలుగు లైన్లు రాసిపెట్టవా, అందరూ ఇంగ్లీషే వేస్తున్నారు, నాది వేరేగా ఉండాలి" అంది. తను అనుకున్న మాటలు కూడా పంపింది. పచ్చి, స్వచ్ఛమైన, పోషకాల నిధి, అపరాధభావన లేని ఆనందం. ఆ చివరి మాట దగ్గర నా కలం ఆగిపోయింది. ఎవరి అపరాధభావన అని అడిగాను. "కొనేవాళ్ళదే. ఒక ముక్క తిని రెండ్రోజులు బాధపడతారత్తా. ఆ బాధ లేకుండా చేస్తేనే కొంటారు" అంది.

ఆ పిల్ల చెప్పింది ముమ్మాటికీ నిజం. నాతో పనిచేసే అధ్యాపకుల్లో, రచయిత్రుల సభల్లో కూడా విన్నాను. పితృస్వామ్యం మీద గంటసేపు పదునుగా మాట్లాడిన వాళ్ళు టీ దగ్గర లడ్డూ పళ్ళెం రాగానే 'అమ్మో, నాకొద్దు, ఇప్పటికే...' అని నడుము వైపు చూసుకుంటారు. మా అమ్మ తరానికి తీపి గర్భసంచికి జవాబుదారీ. మా తరానికీ, మేనకోడలి తరానికీ అది నడుము చుట్టుకొలతకి జవాబుదారీ. జవాబు చెప్పించుకునే వాళ్ళు మారారు. 'నాకు ఇష్టం' అన్న రెండు ముక్కలు అప్పుడూ చెల్లుబాటు కాలేదు, ఇప్పుడూ కావడం లేదు. మనిషిని కేవలం సాధనంగా వాడుకోవద్దని కాంట్ అన్నాడని పిల్లలకి చెప్తాం. తన శరీరాన్ని తనే సాధనంగా, మంచి చర్మం కోసం, రేపటి పని శక్తి కోసం, పెళ్ళిచూపుల ఫోటో కోసం, మేపుకుంటున్న మనిషి సంగతి ఏమిటో ఆ పాఠంలో మేం అడగం.

పోనీ, ఆ సంజాయిషీ అయినా నిలుస్తుందా? 100 గ్రాముల జీడిపప్పులో 550 కాలరీల దాకా ఉంటాయి. ఖర్జూరం బరువులో దాదాపు మూడింట రెండు వంతులు చక్కెరే. పీచు, ఖనిజాలు తోడుగా వస్తాయి కనుక ఉత్త పంచదార కన్నా మేలే. కానీ 'చక్కెర లేదు' అన్న మాట మాత్రం నిలవదు. కోకోపొడిలో ఇనుము బాగా ఉంది, నిజమే. అదే కోకోలో ఉన్న పాలిఫినాల్స్ ఆ ఇనుముని ఒంటికి పట్టనివ్వవు. జీడిపప్పులోని ఫైటేట్లదీ అదే దారి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగం దాటింది. ఆ స్త్రీల రక్తానికీ ఈ తొమ్మిది ముక్కల పెట్టెకీ ఏ సంబంధమూ లేదు. పెట్టె కొనగలిగిన వాళ్ళు పోషకాల కోసం దాని మీద ఆధారపడాల్సిన అవసరం లేదు, అవసరం ఉన్నవాళ్ళు దాన్ని కొనలేరు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనంలోకి 2020లో వేరుశనగ చిక్కీ చేర్చారు. నా దృష్టిలో పోషకాహారం అన్న మాట ఆ చిక్కీకి చెందుతుంది. చాకొలెట్ ముక్క తీపి. తీపిగా ఉండటం దాని హక్కు.

'పచ్చి' అన్న మాట ఇంకా చిత్రమైనది. పచ్చి ఆహారం తినాలనే వాళ్ళు ఒక గీత గీస్తారు. కొందరు 42 డిగ్రీలంటారు, కొందరు 48 అంటారు. అంతకు మించి వేడి తగిలితే ఆహారంలో ప్రాణం పోయినట్టే. (మే నెలలో రెంటచింతలలో మేడ మీద ఆరబెట్టిన వడియాలు ఈ లెక్కన వండినవే అవుతాయి.) కోకో గింజల్ని గుజ్జుతో సహా పెట్టెల్లో పోసి ఐదారు రోజులు పులియబెట్టకపోతే చాకొలెట్ వాసనే రాదు. ఆ పులిసే వేడి దానంతటదే 45 నుంచి 50 డిగ్రీలకు చేరుతుంది. జీడిపప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. బజారులో 'పచ్చి జీడిపప్పు' అని అమ్మేది చాలావరకు పచ్చిది కాదు. 

ఎందుకో ఆ పేరులోనే ఉంది. బ్రెజిల్ నుంచి 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళు పట్టుకొచ్చిన ఈ చెట్టుకి మనవాళ్ళు జీడిమామిడి అని పేరు పెట్టారు. చాకలివాళ్ళు బట్టల మీద చెరగని గుర్తు వేయడానికి వాడిన నల్లజీడి మనకి ముందే తెలుసు. దాని రసం తగిలితే ఒళ్ళు పొక్కుతుంది. కొత్త గింజ పెంకులోనూ అదే గుణం చూసి ఆ జీడిని మామిడికి తగిలించారు. రెండూ ఒకే కుటుంబం చెట్లని వృక్షశాస్త్రం తర్వాత చెప్పింది, చర్మం ముందే చెప్పింది. ఆ పెంకు రెండు పొరల మధ్య నల్లటి ఘాటు నూనె ఉంటుంది. దాన్ని తప్పించుకుని లోపలి పప్పు తియ్యాలంటే పిక్కల్ని సాధారణంగా ముందు కాల్చాలి లేదా ఆవిరి పట్టాలి. తర్వాత పెంకు కొట్టాలి, పప్పుని పొయ్యి గదిలో ఆరబెట్టాలి, ఎర్రపొట్టు గోటితోనో చాకుతోనో విరగకుండా ఒలవాలి, ఆపైన సైజు ప్రకారం ఏరాలి. నానబెడితే గింజలో నిద్రపోతున్న ప్రాణం మేలుకుంటుందని పచ్చి వంటల పుస్తకాల్లో రాస్తారు. ఆవిరి పట్టిన గింజని ఎన్ని రోజులు నానబెట్టినా మొలకెత్తదు.

రెండేళ్ళ కిందట ఇచ్ఛాపురం వైపు వెళ్ళి వస్తూ పలాసలో దిగాను. జీడిపప్పు పరిశ్రమ వాసన ఊళ్ళోకి రాకముందే తెలుస్తుంది, కాలిన పెంకు వాసన. ఒక చిన్న కార్ఖానాలోకి తెలిసినవాళ్ళు తీసుకెళ్ళారు. చాలాచోట్ల బాయిలర్లు, కోత మిషన్లు వచ్చాయి. అయినా మిషన్ సరిగ్గా కోయని పిక్కలు మనుషుల చేతికే వస్తాయి. పొట్టు వలిచే చోట, ఏరే చోట వరసగా ఆడవాళ్ళే. పెంకు దగ్గర పనిచేసేవాళ్ళ వేళ్ళ కొసలు నల్లగా, గట్టిపడి ఉన్నాయి. ఆముదం రాసుకుని కూర్చుంటారు. కూలి కిలోల లెక్కన. పప్పు విరిగితే గుండు బద్ద అవుతుంది, ధర పడిపోతుంది. అందుకని ఆ వేళ్ళు వేగంగానూ కదలాలి, మెత్తగానూ తాకాలి. నేను మాటల్లో మా హైదరాబాదులో దీన్ని పచ్చిదని నానబెట్టి రుబ్బుకుని తింటారని చెప్తే, యాభై ఏళ్ళావిడ తలెత్తి నవ్వింది. "పచ్చిదేటమ్మా, ఇన్నిసార్లు కాల్చి, ఉడకబెట్టి మేం మీకిస్తే?" పక్కావిడ కూడా నవ్వింది. మీరు తింటారా అంటే, "తింటే తూకం తగ్గిపోద్ది కదమ్మా" అంది.

స్వీడన్ చరిత్రకారిణి ఆనా లిండ్‌బర్గ్ కేరళలో కొల్లం జీడిపప్పు కార్మిక స్త్రీల మీద 1930ల నుంచి చరిత్ర తవ్వి 2001లో పుస్తకం తెచ్చింది. అందులో ఈ వరసల వెనకున్న కులం కనిపిస్తుంది. ఒళ్ళు కాలే పెంకు కొట్టే పనిలో ఎక్కువగా పులయ స్త్రీలు, శుభ్రంగా కూర్చుని ఏరే పనిలో నాయర్ స్త్రీలు. మగవాళ్ళకి రోజుకూలి, ఆడవాళ్ళకి పీస్ రేటు. సంపాదించి ఇల్లు నడుపుతున్న స్త్రీలని కూడా 'ఇంటికి చేదోడు'గానే లెక్కగట్టారు యూనియన్లతో సహా. పలాస చరిత్ర వేరు కావచ్చు, దాన్ని అంత ఓపికగా తవ్విన పుస్తకం మనకి కావాలి. మన విశ్వవిద్యాలయాల్లో స్త్రీ అధ్యయన కేంద్రాలున్నాయి, శ్రీకాకుళం దూరమేం కాదు.

ఇంకో సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఈ జీడితోటలు ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఇంటింటా కిడ్నీ జబ్బులు. అసలు కారణం ఏమిటో శాస్త్రవేత్తలు తేల్చలేకపోతున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటల్ని, కొబ్బరి చెట్లని నేలకూల్చింది. 2023లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ళకి ఫాస్ఫరస్, పొటాషియం ఎక్కువని సాధారణంగా తగ్గించమనే వాటిలో జీడిపప్పు, బాదం, చాకొలెట్ ఉంటాయి. మనం 'ఆరోగ్యం' అని పేరు పెట్టి తినే ముక్క, దాన్ని పండించే నేల మీద చాలామందికి విషంతో సమానం.

కోకో మాటకొస్తే మన ఏలూరు, పశ్చిమ గోదావరి కొబ్బరితోటల నీడలో బాగానే పండుతోంది. కానీ ప్రపంచంలో సగానికి పైగా పడమటి ఆఫ్రికాలో ఐవరీ కోస్ట్, ఘనా దేశాల నుంచి వస్తుంది. పిల్లల చేత చేయించే ప్రమాదకరమైన చాకిరీని మానిపిస్తామని పెద్ద కంపెనీలు 2001లో ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. 2018-19 పంటకాలంలో ఆ రెండు దేశాల కోకో తోటల్లో 15 లక్షలకు పైగా పిల్లలు బాలకార్మికులుగా ఉన్నారని షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన సంస్థ 2020లో లెక్క చెప్పింది. ముడి జీడిపిక్కలు ఎక్కువగా పండించేది కూడా అదే ఐవరీ కోస్ట్. మన కార్ఖానాలు చాలావరకు ఆఫ్రికా నుంచి దిగుమతైన పిక్కల మీదే నడుస్తాయి. అంటే మన వంటింట్లో నిప్పు లేని ఆ ముక్కలోని పప్పూ చాకొలెట్టూ ఒకే దేశపు మట్టిలోంచి వచ్చి ఉండొచ్చు. నిప్పు ఎక్కడికీ పోలేదు, మన కంటికి ఆనని చోట మండుతోంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దాన్ని తేలిగ్గా విప్పేసినట్టు నటించడం నాకు ఇష్టం లేదు. అపరాధభావన అనేది మనిషికి ఉండవలసిన గుణమే. ఎవరికైనా హాని జరిగినప్పుడు అది మనల్ని కుదుపుతుంది. కానీ మన చేత దాన్ని పూర్తిగా నడుము మీద ఖర్చు పెట్టించారు. ఒక లడ్డూ తిన్నందుకు రెండ్రోజులు బాధపడే మనిషి దగ్గర, ఆ పప్పు ఒలిచిన వేళ్ళ గురించి బాధపడటానికి ఏమీ మిగలదు. పైగా డబ్బా మీద 'గిల్ట్ ఫ్రీ' అని చదివాక అన్ని రకాల లెక్కలూ తీరిపోయినట్టే అనిపిస్తుంది. స్వచ్ఛత అన్న మాట ఎప్పుడూ చేసే పని ఇదే. ఎవరి చేతులు తగిలాయో చెరిపేస్తుంది. ఆ మాట మన దేశంలో ఎవరి మీద ప్రయోగించారో మనకి తెలుసు.

అలాగని ఇప్పుడు ఈ కొత్త బాధని కూడా ఆడవాళ్ళ నెత్తినే పెడదామా? పిల్లలకి పోషకాలు, మొగుడికి కొలెస్ట్రాల్, అత్తగారికి షుగరు, భూమికి ప్లాస్టిక్ అన్నీ చూసుకుంటూ, బజారుకి వెళ్ళిన ప్రతిసారీ ఐవరీ కోస్ట్ పిల్లల్ని కూడా సంచిలో వేసుకు రమ్మందామా? నైతికంగా కొనడం అన్న ఉద్యమం చాలాచోట్ల ఇంటి ఇల్లాలికి ఇంకో వ్రతంగా మారింది. మానేస్తే పుణ్యం, కొంటే పాపం. నేను ఒక్కదాన్నీ మానేస్తే పలాస ఆవిడ వేలికి మందు రాదు, పని పోతుంది. ఆమె నన్ను మానమని అడగలేదు కూడా. ఆ గంటలో ఆ ఆడవాళ్ళు నాతో మాట్లాడింది కిలో రేటు గురించి, పని దొరకని నెలల గురించి, కూర్చుని కూర్చుని పట్టేసిన నడుముల గురించి. నడుముకి బలం అన్న మాట నాకు అక్కడ మళ్ళీ గుర్తొచ్చింది. ఇవి కార్మికశాఖ, యజమానులు, ఎగుమతిదారులు, యూనియన్లు జవాబు చెప్పాల్సిన విషయాలు. నా నాలుక మీద తేలేవి కావు. వీటిని నా నాలుక మీదకి తెచ్చి పెట్టడం వాళ్ళందరికీ సౌకర్యం.

అందువల్ల నేను రెండు విషయాలు ఒకేసారి పట్టుకుని ఉండాలనుకుంటున్నాను, అవి ఒకదానితో ఒకటి పేచీ పడుతున్నా సరే. ఏ ప్రయోజనమూ చూపించకుండా తీపి తినే హక్కు నాకుంది. పలాస ఆవిడకీ ఉంది, తూకం తగ్గకుండా. ఆ రెండో హక్కు గురించి మాట్లాడటానికి నాకు నోరు కావాలి. నోరంతా కాలరీల లెక్కతో నిండి ఉంటే మాట పెగలదు.

మేనకోడలికి రాసిచ్చిన నాలుగు లైన్లు ఇవి: జీడిపప్పు, బాదం, ఖర్జూరం, కోకో. పప్పుని కాల్చి, కొట్టి, ఒలిచింది ఆడవాళ్ళ చేతులు. ఇందులో మందు గుణాలేవీ లేవు. తియ్యగా ఉంటుంది.

చదివి కాసేపు మాట్లాడలేదు. మూడో లైను చూస్తే తన వ్యాపారం మూతపడుతుందని నవ్వింది. దాన్ని తీసేస్తానంది. రెండో లైను దగ్గర మాత్రం నవ్వలేదు. "ఇది వేస్తే కొనేవాళ్ళు అడుగుతారు కదత్తా, వాళ్ళకి కూలి ఎంతిస్తున్నారు, ఏ ఊళ్ళో ఒలిచారు అని. నేనేం చెప్పను? నేను కొనేది బేగంబజార్లో. ఆ షాపాయనకే తెలియదు." ఇద్దరం కలిసి వెళ్ళి అడిగాం. ఆయన విసుక్కోకుండా లోపలికి పిలిచి పది కిలోల డబ్బా తిప్పి చూపించాడు. దాని మీద డబ్ల్యూ-320 అని ఉంది. పౌనుకి 320 పప్పులకి మించకుండా తూగే రకం అని దానర్థం. ఇంకేమైనా రాసి ఉందేమోనని తను డబ్బా అడుగు కూడా చూసింది.